ఆన్‌లైన్ సంపాదన, బ్లాగింగ్: నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు

కావలిలో డిగ్రీ చదివే పిల్లాడు అడిగినా, ఒంగోలు నుంచి రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసినా, ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి, దేనికదే చదువుకునేలా రాశాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నా: మన వైపు చాలామందికి ఆన్‌లైన్ పని మీద మొదటి రూపాయి గూగుల్ ప్రకటనల నుంచి రాదు, పక్క వీధి షాపు నుంచి వస్తుంది. జవాబుల్లో ఈ మొగ్గు కనబడుతుంది.

## మొదలుపెట్టక ముందు

అన్నా, ఆన్‌లైన్లో నిజంగా డబ్బులొస్తాయా? లేకపోతే అంతా బోగసేనా?

వస్తాయి. కాకపోతే ఎవరి జేబులోంచి వస్తున్నాయో మీకు తెలిసుండాలి. మీ పేజీలో ప్రకటన కనబడినందుకు ఆ ప్రకటన ఇచ్చిన కంపెనీ ఇస్తుంది. మీ లింకు పట్టుకుని వెళ్లినవాళ్లు వస్తువు కొంటే అమ్మిన కంపెనీ కమీషన్ ఇస్తుంది. పని చేయించుకున్న షాపాయన ఇస్తాడు. మీ ఊరగాయో, మీరు చెప్పే పాఠమో కొనుక్కున్న మనిషి ఇస్తాడు. ఈ నాలుగూ కాకుండా "చేరితే చాలు, అకౌంట్లో పడతాయి" అన్నారంటే ఆ డబ్బు మీ తర్వాత చేరబోయేవాడిది. ఎవరు ఏ పథకం చెప్పినా "ఇందులో డబ్బు ఇచ్చేదెవరు, ఎందుకిస్తున్నారు?" అని అడగండి. సూటిగా చెప్పలేకపోతే టీ తాగేసి లేచి రండి.

నెలకు ఎంత వస్తుంది? ఉద్యోగం మానేసి ఇదే చేసుకోవచ్చా?

ప్రకటనల ఆదాయాన్ని వెయ్యి పేజీ వీక్షణలకు ఇంత అని కొలుస్తారు. ఆ రేటు రాసిన విషయాన్ని బట్టి, చదివేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. లోన్లు, ఇన్సూరెన్సు మీద రాసినదానికి ఎక్కువ, సినిమా కబుర్లకు తక్కువ. తెలుగు పేజీల కోసం పోటీపడే ప్రకటనదారులు తక్కువ కాబట్టి ఇంగ్లీషు పేజీల కంటే సాధారణంగా తక్కువే వస్తుంది.

లెక్క కోసం వెయ్యికి 60 రూపాయలు అనుకుందాం. రోజుకు 200 వీక్షణలు ఉంటే నెలకు 6 వేల వీక్షణలు, అంటే చేతికి 360 రూపాయలు. అదే రోజుకు 5 వేలుంటే నెలకు 9 వేల రూపాయలు. రోజుకు 5 వేల వీక్షణలు తెచ్చుకోవడానికి చాలామందికి ఏడాది పైనే పడుతుంది, కొందరికి ఎప్పటికీ రావు. ఉద్యోగం మానొద్దు. ఇంటి అద్దె కట్టాల్సిన తేదీ నెత్తిమీద ఉన్నవాడు నిదానంగా రాయలేడు, అడ్డదారులు వెతుకుతాడు.

నాకు ఇంగ్లీషు రాదు. తెలుగులో రాస్తే యాడ్స్ ఇస్తారా?

ఇస్తారు. 2018 డిసెంబరు నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ (మన పేజీల్లో ప్రకటనలు వేసి మనకు వాటా ఇచ్చే పథకం) తెలుగు పేజీలను అధికారికంగా తీసుకుంటోంది. అంతకు ముందు మనవాళ్లు తెలుగు రాస్తూ ఇంగ్లీషు పేజీలతో అనుమతి తెచ్చుకునే తిప్పలు పడేవాళ్లు. ఇప్పుడు ఆ అవసరం లేదు. రేటు తక్కువన్నది నిజమే, కానీ చాలా విషయాల మీద తెలుగులో సరిగా రాసినవాళ్లే లేరు. ఇంగ్లీషులో వెయ్యిమంది వెనకాల నిలబడే కంటే ఇది నయం.

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే ఉంది. సరిపోతుందా?

రాయడానికి, ఫోటోలకు, షాపుల పని చేయడానికి సరిపోతుంది. గూగుల్ కీబోర్డు జీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే టైపు చేస్తుంది. తప్పులు దిద్దుకోవాలి, మన యాసకు అది అప్పుడప్పుడూ బిత్తరపోతుంది. సైటు డిజైను మార్చడం, సెట్టింగులు చూడటం మాత్రం ఫోన్లో నరకం. ఆ ఒక్క పనికీ నెట్ సెంటర్లో గంట కూర్చోండి, లేచేటప్పుడు లాగౌట్ చేయడం మరవద్దు.

పెట్టుబడి ఎంత కావాలి?

సున్నాతో మొదలుపెట్టొచ్చు. బ్లాగు పెట్టుకునే గూగుల్ వాళ్ల బ్లాగర్ ఉచితం, హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్లో ఉంచే చోటు) ఖర్చు లేదు, యాడ్‌సెన్స్ కూడా పెట్టుకోవచ్చు. సైటుకు సొంత పేరు కావాలంటే డాట్ ఇన్ లేదా డాట్ కామ్ డొమైన్ ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. సైటు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ దానికి హోస్టింగ్ కొనాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోయి కొంటారు, రెండో ఏడాది రెన్యువల్ రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. డబ్బు కట్టేముందు రెన్యువల్ ధర ఎంతో వెతికి చూడండి, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నన్నడిగితే ముందు బ్లాగర్లో ఒక పాతిక వ్యాసాలు రాయండి. రాసే అలవాటు నిలిస్తే అప్పుడు డొమైన్ కొనండి.

డిజిటల్ మార్కెటింగ్ కోర్సుకు 30 వేలు అడుగుతున్నారు. చేరమంటారా?

చేరేముందు రెండు అడగండి. మీకు పాఠం చెప్పే మనిషి సొంతంగా నడిపే సైటో, ప్రకటనల అకౌంటో ఇప్పుడు, మీ ఎదురుగా తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్లు ఒప్పుకోవద్దు. రెండోది, నిరుటి బ్యాచ్‌లో చేరిన ఇద్దరితో, కోర్సువాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడనివ్వాలి. ఈ రెంటికీ సరే అంటే ఆలోచించండి. కోర్సులో చెప్పే పాఠాలు చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. గూగుల్ స్కిల్‌షాప్‌లో గూగుల్ యాడ్స్ పాఠాలు, పరీక్ష, సర్టిఫికెట్ అన్నీ ఉచితం. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అని గోడమీద రాసినదాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, మొహం చూడండి.

## ఏం రాయాలి, ఎలా రాయాలి

దేని గురించి రాయమంటారు? నాకు ప్రత్యేకంగా ఏమీ తెలియదే!

ఈ మాట అనే మనిషి సాధారణంగా ఇందుకూరుపేట వైపు నాన్నతో రొయ్యల గుంటల దగ్గర పెరిగినవాడై ఉంటాడు. సీడ్ (రొయ్య పిల్లలు) వేసేముందు నీళ్లు ఎలా చూసుకోవాలో, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే ఏమర్థమో, 30 కౌంటుకూ 100 కౌంటుకూ (కిలోకు తూగే రొయ్యల లెక్క) ధరలో ఎందుకంత తేడానో అతనికి ఊపిరి పీల్చినంత మామూలు. కొత్తగా రెండెకరాలు లీజుకు తీసుకున్నవాడు రాత్రి పన్నెండుకు ఫోన్లో వెతికేది సరిగ్గా ఇవే.

మన దగ్గర ఇట్టాంటివి ఇంకా ఉన్నాయి. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల వాళ్లకు ఎండాకాలం కాపు తెప్పించడం గురించి సందేహాలుంటాయి. చీమకుర్తి గ్రానైటులో ఏది గెలాక్సీ (మెరిసే చుక్కల నల్లరాయి), ఏది నాసిరకం అన్నది ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ కావాలి. ఉదయగిరి చెక్క చెంచాలు, వెంకటగిరి చీరలు, మార్కాపురం పలకలు, ఒంగోలు గిత్తలు, వీటి మీద తెలుగులో ఉన్నదంతా ఒకరిది చూసి ఒకరు రాసిన నాలుగు వాక్యాలు. అసలైన చీరను మడతపెట్టి అంచు చూపించి చెప్పినవాళ్లు తక్కువ.

విషయం పనికొస్తుందా లేదా చూసుకోవడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ఆ మాటను గూగుల్లో సగం టైపు చేసి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతుకుతున్నవి. గూగుల్ ట్రెండ్స్‌లో పెట్టి ఏడాదంతా వెతుకుతున్నారా, ఒక్క నెలేనా అన్నది చూడండి. నెల్లూరు రొట్టెల పండుగ లాంటిది మొహర్రం ముందు కొన్నాళ్లే వెతుకుతారు. ఆ పండుగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర పార్కింగ్ ఎక్కడ, ఏ బస్సెక్కాలి లాంటివి కొన్ని వారాల ముందే రాసి, ఏటా అదే పేజీని సరిదిద్దుకుంటూ పోవాలి. చివరిగా, ఒక తెల్లకాగితం మీద 30 శీర్షికలు రాయండి. పన్నెండు దగ్గర ఆగిపోతే అది మీ విషయం కాదు.

రోజువారీ ధరల జోలికి మాత్రం వద్దంటాను. రొయ్యల ధరైనా నిమ్మకాయ ధరైనా పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది, మీ పేజీ సాయంత్రానికి పాతబడుతుంది. పొగాకు వేలం గురించి రాయాలనుకునే టంగుటూరు, కొండపి వాళ్లకు ఒక హెచ్చరిక: సాగు కబుర్లు వేరు, సిగరెట్లూ చుట్టలూ అమ్మేట్టు రాస్తే ఆ పేజీకి గూగుల్ ప్రకటనలు బాగా తగ్గిపోతాయి.

పేపర్లో వచ్చింది కాస్త మార్చి పెట్టుకుంటే తప్పేంది?

వార్తలోని సమాచారం ఎవరి సొత్తూ కాదు, ఆ వాక్యాలు, ఫోటో మాత్రం రాసినవాళ్లవి, తీసినవాళ్లవి. 1957 కాపీరైట్ చట్టం కింద వాళ్లు ఫిర్యాదు చేస్తే గూగుల్ మీ పేజీని తీసేస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా వ్యాపారంగా అది దండగ. పెద్ద పత్రిక పేజీ ఉండగా మీ నకలును పైన ఎందుకు చూపిస్తారు? ఫోటోలకు కూడా ఇదే. మైపాడు బీచ్ బొమ్మ కావాలంటే ఆదివారం వెళ్లి తీసుకోండి.

చాట్‌జీపీటీతో రోజుకు పది వ్యాసాలు రాయిస్తే?

రాస్తుంది. అవి ఎవరూ చదవరు. ర్యాంకింగు కోసం గుట్టలుగుట్టలుగా పుట్టించే పేజీలను స్పాం కింద లెక్కగడతామని గూగుల్ 2024 మార్చిలో తన నియమాల్లో చేర్చింది, మనిషి రాసినా యంత్రం రాసినా సరే. పైగా మన ఊళ్ల విషయంలో చాట్‌జీపీటీ ధైర్యంగా తప్పులు చెబుతుంది. అడగగానే లేని గుడికి స్థలపురాణం అల్లేస్తుంది. శీర్షికలు ఆలోచించడానికి, మీరు రాసినదాంట్లో తప్పులు పట్టడానికి వాడుకోండి. గుంట దగ్గర నిలబడి చూసినది మాత్రం మీరే రాయాలి.

డీటీపీలో టైప్ చేయించిన తెలుగు సైటులో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎందుకు?

అది అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. కరపత్రాలకు, పెళ్లి పత్రికలకు అది బాగుంటుంది. వెబ్‌లో కావాల్సింది యూనికోడ్, అంటే ఏ ఫోన్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే అక్షరాల పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉచిత కన్వర్టర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి, మార్చాక వత్తులు ఒకసారి చూసుకోండి. ఇకముందు నేరుగా యూనికోడ్‌లోనే టైపు చేయండి. గూగుల్ వెతికేదీ, చదవగలిగేదీ దాన్నే.

బ్లాగు మేలా, యూట్యూబ్ మేలా?

చేతులతో చేసి చూపించాల్సినదైతే యూట్యూబ్: వల విసరడం, చేపల పులుసు, రొయ్యల గుంటలో గాలి కలిపే ఏరియేటర్ రిపేరు. ఫారం ఎలా నింపాలి, ఏ కాగితాలు కావాలి, రెండు రకాలకూ తేడా ఏంది లాంటివి బ్లాగులో చదువుకోవడమే సులువు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు గడచిన 12 నెలల్లో 4 వేల గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు (చిన్న వీడియోలకు) కోటి వీక్షణలు గానీ ఉండాలి. బ్లాగుకు అట్టాంటి అంకె లేదు. కెమెరా ముందు బిగుసుకుపోయేవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు, రాయండి.

## పెట్టేశాం, జనం రావట్లేదు

బ్లాగు పెట్టి నెలైంది. నేనూ మా తమ్ముడూ తప్ప ఎవరూ చూడట్లేదు.

నెలకు అంతే. ముందు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైటు చేర్చి సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా) ఇవ్వండి, ఉచితమే. ఏయే పేజీలు గూగుల్‌కు చేరాయి, జనం ఏ మాటలతో వెతికితే మీ పేజీ కనబడింది అన్నవి అందులో తెలుస్తాయి. ఆ మాటల జాబితానే మీ తర్వాతి వ్యాసాల జాబితా.

మనవాళ్లు చాలామంది తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందుకని వ్యాసం తెలుగు లిపిలో రాసినా, పేజీ అడ్రసు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. తెలుగు లిపిలో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో బారెడు పొడుగై మోసం లింకులా కనబడుతుంది. శీర్షిక జనం అడిగేట్టు ఉండాలి. "నిమ్మసాగు: ఒక పరిశీలన" అని ఎవరూ వెతకరు, "నిమ్మ చెట్టు పూత రాలిపోతుంది ఎందుకు" అని వెతుకుతారు.

ఇంకోటి. ఇప్పుడు చిన్నచిన్న ప్రశ్నలకు గూగుల్ పైనే ఏఐతో జవాబు ఇచ్చేస్తోంది, జనం పేజీ దాకా రావడం లేదు. ఫలానా ఊరి పిన్‌కోడ్ ఎంత లాంటి పేజీలకు కాలం చెల్లింది. మీరు చూసినది, తీసిన ఫోటో, అడిగి తెలుసుకున్న ధర ఉన్న పేజీకి ఇంకా పని ఉంది.

ఫ్రెండ్స్‌తో యాడ్స్ మీద క్లిక్ చేయించొచ్చా? కొంచెం కొంచెంగా?

వద్దు. మీరు చేసినా, చేయించినా, క్లిక్కులు కొన్నా దొరికిపోతారు. అకౌంట్ మూసేస్తారు, పోగైన డబ్బు ప్రకటనదారులకు తిరిగి ఇచ్చేస్తారు. ఒకసారి మూతబడితే ఇంకో అకౌంట్ తెరవనివ్వరు. క్లాసు వాట్సాప్ గ్రూపులో "మన వాడి సైటు, అందరూ ఒక క్లిక్ కొట్టండి" అని పెట్టడమే చాలామంది కొంప ముంచుతుంది.

## డబ్బు చేతికి రావడం

యాడ్‌సెన్స్‌కు అప్లై చేస్తే "తక్కువ విలువ ఉన్న కంటెంట్" అని తిప్పి పంపారు. ఇన్ని పోస్టులు ఉండాలని రూలుందా?

పోస్టుల సంఖ్యకు, రోజుకు ఇంతమంది రావాలన్నదానికి రూలు లేదు. 18 ఏళ్లు నిండాలి, సైటు మీదై ఉండాలి, రాత సొంతమై ఉండాలి. 18 లోపు పిల్లలైతే అమ్మానాన్నల పేరు మీద తెరవాలి. తిప్పి పంపిన సైట్లలో తరచుగా కనబడేది ఒకటే, అయిదారు వాక్యాల పోస్టులు, అవీ ఎక్కడో చదివినట్టే ఉంటాయి. వాటిని తీసేయండి, మిగిలినవి పొడిగించి సొంత ఫోటోలు పెట్టండి. మీరెవరో చెప్పే పేజీ, ఫోన్ నంబరో మెయిలో ఉన్న పేజీ, ప్రైవసీ పాలసీ పెట్టి మళ్లీ అప్లై చేయండి.

యాడ్‌సెన్స్‌లో పది డాలర్లు దాటాయి, పిన్ లెటర్ వస్తుందన్నారు, రాలేదు. మాది పల్లెటూరు.

మీ అడ్రసు నిజమేనా చూసుకోవడానికి గూగుల్ ఒక అంకె రాసి పంపే ఆ లెటర్ మామూలు పోస్టులో వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రిజిస్టర్డ్ కాదు కాబట్టి ట్రాకింగ్ లేదు. అడ్రసులో మీ ఇంటిపేరు, నాన్న పేరు, రామాలయం వీధి లాంటి గుర్తు, పోస్టాఫీసు ఉన్న ఊరు, మండలం, పిన్‌కోడ్ ఉండాలి. పోస్టుమాన్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, విదేశీ కవరు అనుకుని పక్కన పెట్టకుండా. రాకపోతే మళ్లీ తెప్పించుకోవచ్చు, అప్పటికీ రాకపోతే గుర్తింపు కార్డుతో రుజువు చేసుకునే దారి చూపిస్తారు. నాలుగు నెలల్లో ఈ పని పూర్తి కాకపోతే మీ పేజీల్లో ప్రకటనలు ఆగిపోతాయి.

డబ్బు ఎప్పుడు పడుతుంది? మా బ్రాంచిలో స్విఫ్ట్ కోడ్ అంటే ఏందో తెలియదంటున్నారు.

100 డాలర్లు దాటిన నెల తర్వాతి నెలలో, 21 నుంచి 26 తేదీల మధ్య గూగుల్ పంపుతుంది. బ్యాంకులో జమ కావడానికి ఇంకొన్ని రోజులు. స్విఫ్ట్ కోడ్ అంటే విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకుకు ఉండే గుర్తు, అన్ని బ్రాంచీలకూ ఉండదు. మీ బ్యాంకువాళ్ల నెల్లూరు లేదా ఒంగోలు ప్రధాన బ్రాంచిలో విదేశీ మారకం చూసేవాళ్లను అడిగితే ఏ కోడ్ వాడాలో చెబుతారు. యాడ్‌సెన్స్‌లో పేరు, పాస్‌బుక్కులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ముందొక చోట, వెనకొక చోట రాసే అలవాటు ఇక్కడ ఇబ్బంది పెడుతుంది.

అఫిలియేట్ మార్కెటింగ్ అంటే చైన్ సిస్టమే కదా?

కాదు. అఫిలియేట్‌లో చేరడానికి డబ్బు కట్టరు, కింద మనుషులను చేర్చరు, మీ లింకుతో వస్తువు అమ్ముడైతేనే కమీషన్. చైన్‌లో మనిషిని చేర్చినందుకు డబ్బు. అట్టాంటివి 1978 నాటి చట్టం కింద నిషేధం, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ నడపడాన్ని 2021 నిబంధనలు కూడా నిషేధించాయి.

అమెజాన్ అఫిలియేట్‌లో చేరితే మొదటి 180 రోజుల్లో కనీసం మూడు అమ్మకాలు రావాలి, లేకపోతే అకౌంట్ మూసేస్తారు. మీ లింకుతో మీరే కొనుక్కుంటే లెక్కలోకి రాదు. వస్తువు తిప్పి పంపితే కమీషన్ పోతుంది. "ఈ లింకుతో కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది" అని పేజీలోనే తెలుగులో రాయడం తప్పనిసరి. రాస్తే జనం కొనరని భయపడతారు గానీ, నిజం చెప్పినవాడి దగ్గరే కొంటారు. వాడని మిక్సీకి అయిదు నక్షత్రాలు ఇవ్వకండి, మీ పిన్నే కొని మీ ఇంటికి తెచ్చి పడేస్తుంది.

యాడ్స్ కోసం ఏడాది ఆగలేను. ఈ నెలలోనే కొంచెం ఏమైనా వచ్చే దారి ఉందా?

ఉంది, నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. నెల్లూరు చిన్నబజారులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో ఒక గంట నడవండి. దారిలో ఉన్న షాపులను గూగుల్ మ్యాప్స్‌లో వెతకండి. కొన్నిటికి పేరే ఉండదు, కొన్నిటికి పాత ఫోన్ నంబరు, కొన్నిటికి ఎదురుషాపు ఫోటో. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. వేళలు, ఫోటోలు, దొరికే సరుకు, వాట్సాప్ నంబరు సరిగ్గా పెట్టడం ఒక పూట పని. ధ్రువీకరణకు చాలాసార్లు షాపు బోర్డు, లోపలి భాగం కనబడేట్టు వీడియో తీయమంటారు, కాబట్టి యజమాని పక్కన ఉండాలి.

మొదటి షాపు మీకు తెలిసినవాళ్లదై ఉండాలి. వాళ్లకు ఉచితంగా చేయండి, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది ఫోటోలు దాచుకోండి. రెండో షాపుకు అవి చూపించి డబ్బు అడగండి. ఒకసారి పెట్టి ఇవ్వడానికి ఇంత, ప్రతినెలా ఫోటోలు మార్చి, రివ్యూలకు జవాబులు రాసి, పండుగ ఆఫర్ పెట్టినందుకు ఇంత అని విడివిడిగా చెప్పండి. నెలవారీ డబ్బే మిమ్మల్ని నిలబెడుతుంది. ఏమేం చేస్తారో వాట్సాప్‌లో మెసేజ్‌గా రాసి, ఆయన "సరే" అన్నాకే మొదలుపెట్టండి. లేకపోతే "అబ్బయ్యా, ఆ పెళ్లి కార్డు కూడా చూడు" అంటూ ఫోన్ రిపేరు దాకా పోతుంది.

ప్రొఫైల్ యజమాని మెయిల్ మీదే తెరవండి, మీరు మేనేజరుగా చేరండి. రేపు మాటామాటా వచ్చి విడిపోయినా ఆయన షాపు ఆయన దగ్గర ఉండాలి. దొంగ రివ్యూలు రాయమంటే ఒప్పుకోవద్దు, గూగుల్ వాటిని తీసేస్తుంది, ప్రొఫైల్‌కే ఎసరు రావచ్చు.

చీమకుర్తి వైపు చిన్న గ్రానైటు యూనిట్లకు స్లాబుల ఫోటోలతో వాట్సాప్ క్యాటలాగ్, కాస్త ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఎగుమతి కొనుగోలుదారుల కోసం వివరాలు రాయడం ఇంకో పని. ఇట్టాంటి పని చేస్తూ ఆ అనుభవాన్నే బ్లాగులో రాసుకుంటూ పోతే రెండూ నడుస్తాయి.

మా అత్తగారి ఊరగాయలు బాగుంటాయి. ఆన్‌లైన్లో అమ్మాలంటే ఏం చేయాలి?

ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ చేయించండి. ఇంట్లో చేసి అమ్మినా కావాలి, ఆన్‌లైన్లోనే దరఖాస్తు. ఆ నంబరు, తయారైన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చు, ఏమేం వేశారు అన్నవి సీసా మీద ఉండాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్యాటలాగ్ పెట్టుకుంటే మొదటి ఏడాదికి సైటు అక్కర్లేదు.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్ లోపలే సరుకు అమ్మితే 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హైదరాబాదులో ఉన్న బంధువుల అపార్ట్‌మెంటుకు అమ్మారంటే అది వేరే రాష్ట్రం, టర్నోవర్ ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ కావాలి. ఆర్డర్లు అక్కడి నుంచే ఎక్కువ వస్తాయి కాబట్టి ముందే ఆడిటరును కలవండి. నూనె కారే సీసా కొరియర్ వాళ్లు తీసుకోరు, సీలు వేసే చిన్న యంత్రం మొదట కొనాల్సిన వస్తువు.

## పన్నులు, మోసాలు

దీని మీద ఇన్‌కంటాక్స్ కట్టాలా?

ఆదాయం ఏదైనా లెక్కలో చూపాలి. 2025–26 నుంచి కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు, మొత్తం ఆదాయం 12 లక్షలు దాటని వాళ్లకు మామూలు ఆదాయం మీద రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. జీతం ఉంటే దానికి ఇది కలిపి చూడాలి. కమీషన్ మీద కంపెనీ టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తే, రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తుంది, చాలామంది ఆ డబ్బు వదిలేస్తున్నారు. సేవల పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే.

టెలిగ్రామ్‌లో వీడియోకు లైక్ కొడితే 50 రూపాయలు ఇస్తున్నారు. నాకు నిజంగానే పడ్డాయి కదా?

పడతాయి. మొదటి రెండు మూడుసార్లు వేయడమే ఎర. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు, వెయ్యి కడితే 1,300 ఇస్తారు. ఆ తర్వాత 10 వేలు, 50 వేలు. యాప్‌లో మీ బ్యాలెన్సు లక్షల్లో కనబడుతుంది గానీ బయటికి రాదు, తీయాలంటే "ట్యాక్సు కట్టు" అంటారు. గ్రూపులో "నాకు వచ్చింది సార్" అనేవాళ్లంతా వాళ్ల మనుషులే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చెబితే అవతలి అకౌంట్లో డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. పరువు పోతుందని రెండు రోజులు ఆలోచించేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

డేటా ఎంట్రీ పనికి చేరాను. తప్పులున్నాయని లాయర్ నోటీసు, 8 వేలు కట్టమంటున్నారు.

కట్టొద్దు. పని ఎవరూ తప్పుల్లేకుండా చేయలేని విధంగా ఇచ్చి, తర్వాత బెదిరించడమే వీళ్ల వ్యాపారం. నిజమైన కోర్టు సమన్లు వాట్సాప్‌లో బొమ్మగా వచ్చి సాయంత్రం లోపు ఫోన్‌పే చేయమనవు. మెసేజ్‌లు, నంబర్లు దాచి సైబర్ క్రైమ్‌కు ఇవ్వండి. మీ ఆధార్ కాపీ ఇచ్చి ఉంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి.

బ్యాంకు అకౌంట్ అద్దెకిస్తే నెలకు 10 వేలంట. ఇదీ ఆన్‌లైన్ పనేనా?

కాదు. ఇంకొకరి దగ్గర కొట్టేసిన డబ్బు మీ అకౌంట్ మీదుగా పోతుంది. పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే.

## ఆపేయాలనుకుంటే

కుదరడం లేదు, మానేద్దామనుకుంటున్నా. ఏమైనా చేయాలా, అట్నే వదిలేయొచ్చా?

అట్నే వదలొద్దు. బ్లాగర్ సెట్టింగుల్లోంచి రాసినదంతా బ్యాకప్ తీసి పెట్టుకోండి. డొమైన్, హోస్టింగ్‌ల ఆటో రెన్యువల్ ఆపండి, లేకపోతే వచ్చే ఏడాది కార్డు నుంచి కోసుకుంటారు. మీ ఇంటిపేరుతోనో ఊరిపేరుతోనో డొమైన్ ఉంటే ఇంకో ఏడాది కట్టి ఉంచుకోవడం మంచిది. గడువు దాటి వదిలేసిన పేర్లను బెట్టింగ్ సైట్ల వాళ్లు కొనేసుకుంటారు. షాపుల ప్రొఫైళ్లలో మేనేజరుగా ఉంటే యజమానికి చెప్పి బయటికి రండి. యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లకు పైన ఉంటే, పిన్, బ్యాంకు వివరాలు పూర్తిచేసి అకౌంట్ మూయమని అడగండి, 100 డాలర్లు కాకపోయినా ఆ మిగిలింది పంపిస్తారు.